మానసిక రుగ్మతల తీవ్రతా కొలమానాలు

మానసిక రుగ్మతల తీవ్రతా కొలమానాలు అనగా ఒక వ్యక్తిలో రుగ్మత ఉన్నదా, లేదా అన్నది మాత్రమే కాక, అది ఏ మేరకు ఉన్నదో అంకెలలో తెలిపే ప్రశ్నావళులు, పరీక్షా పద్ధతులు. భారతదేశంలో మానసిక వైకల్య ధ్రువపత్రాల జారీకి వాడే ఐడియాస్ ఈ కోవకు చెందినది.

నేపథ్యం

సంప్రదాయ వర్గీకరణలో నిర్ణీత సంఖ్యలో లక్షణాలు ఉంటేనే రుగ్మతగా పరిగణిస్తారు. ఉదాహరణకు డిప్రెషన్ నిర్ధారణకు 9 లక్షణాలలో కనీసం 5 ఉండాలి. 4 లక్షణాలతో తీవ్రంగా బాధపడే వ్యక్తి ఈ లెక్కలోకి రాడు. రక్తపోటు వలె మానసిక లక్షణాలు కూడా అందరిలోనూ హెచ్చుతగ్గులుగా ఉంటాయన్నది డైమెన్షనల్ నమూనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన ఐసీడీ-11, వ్యక్తిత్వ రుగ్మతలను ప్రధానంగా స్వల్ప, మధ్యస్థ, తీవ్ర స్థాయిలుగా విభజించింది.

రూపకల్పన

మొదట ప్రశ్నలు తయారుచేసి, కొందరిపై ప్రయోగించి, పనికిరాని వాటిని తొలగిస్తారు. మళ్ళీ అడిగినపుడు ఫలితం నిలకడగా వస్తున్నదా, కొలవదలచినదానినే కొలుస్తున్నదా అని పరిశీలిస్తారు. చివరగా విభజన గీతలు నిర్ణయిస్తారు. పీహెచ్‌క్యూ-9లో 9 ప్రశ్నలకు 0 నుండి 3 వరకు మార్కులుంటాయి. మొత్తం 27కు 10 లేదా ఎక్కువ వస్తే సాధారణంగా తదుపరి పరీక్ష అవసరమని భావిస్తారు.

భాష, ప్రాంతం

ప్రశ్నలను తెలుగులోకి మార్చినంత మాత్రాన కొలమానం సిద్ధం కాదు. వార్తాపత్రికల భాషలో "ఆందోళన" అనగా ధర్నా, నిరసన అనే అర్థం కూడా ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలో దిగులును "రంది" అని, భయాన్ని "బుగులు" అని అంటారు. పనికై ముంబై, పుణె వంటి నగరాలకు వలసవెళ్ళే పాలమూరు కూలీలను "రోజువారీ పనులు చేసుకోగలుగుతున్నారా" అని అడిగితే, పని దొరకకపోవడాన్నీ, చేయలేకపోవడాన్నీ వేరుచేసి నమోదు చేయవలసి ఉంటుంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనందున స్థానికంగా ఇట్టి పరిశీలనకు అవకాశం ఏర్పడింది.

ఐడియాస్

దీనిని భారతీయ మానసిక వైద్యుల సంఘం రూపొందించగా, 2002లో కేంద్ర ప్రభుత్వం ధ్రువీకరణకై నోటిఫై చేసింది. ఇందులో నాలుగు అంశాలున్నాయి:

* స్వీయ సంరక్షణ
* ఇతరులతో సంబంధాలు
* సంభాషణ, అవగాహన
* పని (గృహిణి పని, విద్యార్థి చదువు కూడా ఇందులోనివే)

ఒక్కొక్క అంశానికి 0 నుండి 4 మార్కులు. గత రెండేళ్ళలో లక్షణాలు ఎన్ని నెలలు ఉన్నాయో చూసి మరో 1 నుండి 4 మార్కులు కలుపుతారు. మొత్తం 20కి 7 వస్తే 40 శాతం వైకల్యంగా గుర్తిస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అనేక సదుపాయాలకు ఇదే కనీస అర్హత. తెలంగాణలో వికలాంగుల పింఛనుకూ ఇదే ఆధారం. 2023లో ప్రభుత్వం ఈ పింఛనును నెలకు రూ.3,016 నుండి రూ.4,016కు పెంచింది.

ఉదాహరణకు నాలుగు అంశాలలోనూ ఒక్కొక్క మార్కు వచ్చిన వ్యక్తికి లక్షణాలు 18 నెలలకు మించి ఉంటే మొత్తం 8 అవుతుంది. అదే వ్యక్తికి 10 నెలలుగా నమోదైతే 6 మాత్రమే వచ్చి అర్హత పోతుంది. కావున బంధువులు చెప్పే వివరాలు, పాత మందుల చీటీలు కీలకమవుతాయి.

పరిమితులు

మార్కులు రోగ నిర్ధారణకు ప్రత్యామ్నాయం కావు. విభజన గీత మనుషులు నిర్ణయించినదే; 6కు, 7కు మధ్య బాధలో ఉన్న తేడా స్వల్పం, ఫలితంలో ఉన్న తేడా పెద్దది.