కొమ్ములు తిరిగిన కళ!

కనుమ పొద్దున తుని చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్లినా పశువుల పాక దగ్గరే సందడి. ఎడ్లను కడిగి, నుదుట పసుపు కుంకుమలు పెట్టి, కొమ్ములకు ఎర్రరంగో పచ్చరంగో పూస్తారు. స్తోమత ఉన్నవాళ్లు ఇత్తడి కుప్పెలూ తొడుగుతారు. నాలుగు వానలకు ఆ రంగు వెలిసిపోతుంది. పోతే పోనీ, మళ్లీ కనుమ రాదా ఏమిటి!

మరి పశువు పోయాక మిగిలే కొమ్ము? దానికి తరాలపాటు చెక్కుచెదరని సింగారం చేసిన పనివాళ్లు తునికి ఎంతో దూరంలో లేరు. రైలెక్కితే వంద కిలోమీటర్లలోపే... విశాఖపట్నంలో ఉండేవారు. 18, 19 శతాబ్దాల్లో అక్కడ తయారైన నగల పెట్టెలను దొరలు మోజుపడి కొనుక్కుని వెళ్లారు. కర్రపెట్టెకు ఏనుగు దంతం రేకులు అతికి, వాటిమీద సన్నటి లతలు గీసి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు. గేదె కొమ్ముతో, దుప్పి కొమ్ముతో చేసిన పెట్టెలూ ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ పనితనం నేటికీ కనిపిస్తుంది.

కొమ్ముకు రంగు వేయడం అనుకున్నంత తేలిక కాదు. అదీ మన గోరులాంటిదే. రెండూ కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైనవే. లేతరంగు ఆవు కొమ్మయితే అద్దకం రంగు పీల్చుకుంటుంది. గేదె కొమ్ము పుట్టు నలుపు, ఏ అద్దకమూ దానిమీద తేలదు. అందుకే పనివాళ్లు ఆ నలుపునే అందంగా మలిచారు. అరగదీసి, నునుపు చేసి, అద్దంలా మెరిసేదాకా రుద్దడమే దానికి సింగారం. పక్కన తెల్లటి దంతం పొదిగితే ఇక చెప్పేదేముంది!

ఆ దంతం ముచ్చట ముగిసిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, తర్వాతి సవరణలతో ఏనుగు దంతం వ్యాపారానికి తెరపడింది. పడాల్సిందే కూడా. దుప్పి కొమ్ముకూ అదే దారి. మిగిలింది గేదె, ఆవు కొమ్ములే.

వాటితో పని ఇంకా సాగుతున్న ఊరు పర్లాకిమిడి. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దాటగానే వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లింది కానీ, వీధుల్లో తెలుగు మాట బాగానే వినిపిస్తుంది. కొమ్ముకు కొబ్బరినూనె రాసి నిప్పుసెగ చూపిస్తే మెత్తబడుతుంది. అప్పుడు కావలసినట్టు వంచుకోవాలి. సెగ తగ్గితే వంగదు, ఎక్కువైతే జుట్టు కాలిన కంపు కొడుతూ మాడుతుంది. ఆ అంచనా అంతా చేతిలోనే! కొమ్ము సహజంగా ఎటు వంపు తిరిగిందో చూసి అక్కడే కొంగ మెడో, రొయ్య వీపో తీస్తారు. ఈ పని పట్టుకుని ఉన్న కుటుంబాలు ఇప్పుడు కొద్దే. దువ్వెనకు ఒక్కో పన్నూ రంపంతో కోయాలి. ప్లాస్టిక్ దువ్వెన అచ్చులోంచి క్షణంలో ఊడిపడుతుంది. ఎవరిది ఎక్కువ అమ్ముడుపోతుందో వేరే చెప్పాలా?

మీ ఇంట్లో తాతమ్మ నాటి కొమ్ము దువ్వెన ఉంటే మాత్రం వేడినీళ్లలో నానబెట్టకండి, వంకరపోతుంది. ఎండలోనూ వదలొద్దు. ఓ చుక్క కొబ్బరినూనె వేసి మెత్తటి గుడ్డతో తుడవండి. మళ్లీ నల్లగా నిగనిగలాడుతుంది.