జపాను భాషలో మూలకముల పేర్లు

కొత్త భాషలోని శాస్త్రపదములను బట్టీపట్టుట కష్టము. పదము ఎట్లు పుట్టినదో తెలిసినచో అది తేలికగా మనస్సున నిలుచును. జపాను ఆర్థిక సహకారముతో కందిలో భవనములు నిర్మించుకొన్న హైదరాబాదు ఐ.ఐ.టి. నుండి పైచదువులకు ఆ దేశము వెళ్లు విద్యార్థులు కలరు. రేపు అట్లు వెళ్లగోరు అబ్దుల్లాపూర్‌మెట్ వంటి ఊళ్ల పిల్లలకు పాత తెలుగు పేర్లే మంచి మెట్లు.

హైడ్రోజనును జపానువారు "సుయిసో" అందురు. "సుయి" అనగా నీరు. "సో" అనగా మూలపదార్థము. తెలుగులోని "ఉదజని" కూడ ఉదకమును పుట్టించునదే. ఆక్సిజను "సాన్సో", "సాన్" అనగా ఆమ్లము. తెలుగులో ఇది ఆమ్లజని. ఇంత దూరపు భాషలకు ఈ పోలిక ఎట్లు వచ్చినది?

18వ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజేయు, ఆయన సహచరులును గ్రీకు మాటలతో ఈ పేర్లు కల్పించిరి. హాలండువారు వానిని తమ భాషలోనికి మార్చుకొనిరి. ఆనాడు ఐరోపావారిలో హాలండువారితో మాత్రమే జపాను వర్తకము సాగించుచుండెను. ఉదగావా యోఆన్ అను పండితుడు డచ్చి గ్రంథములు చదివి, 1837లో ప్రచురణ మొదలైన "సెయిమి కైసో" అను రసాయన గ్రంథమున జపాను పేర్లను కూర్చెను. తెలుగువారు అదే అర్థమును సంస్కృత పదములతో చెప్పుకొనిరి.

నైట్రోజను వద్ద దారులు చీలినవి. "నత్రజని" సురేకారమును తలపించు పేరు. జపాను పేరైన "చిస్సో"కు ఊపిరాడనీయనిదని అర్థము. ఆ వాయువు విషము కాదు. గాలిలో నాలుగింట మూడు పాళ్లకు పైగా అదియే. అది మాత్రమే నిండిన పాత్రలో ఆక్సిజను లేనందున ప్రాణి చనిపోవును.

ఉపాధ్యాయులు ఇచట ఒక హెచ్చరిక చేయవలెను. పేరు నిర్వచనము కాదు. ఆమ్లములన్నిటను ఆక్సిజను ఉండునని లవోయిజే తలచెను. క్లోరిన్ మూలకమేయని 1810లో హంఫ్రీ డేవీ చూపగా, హైడ్రోక్లోరికామ్లమున ఆక్సిజను లేదని తేలినది. భావము వీడిపోయినను పేరు రెండు భాషలలోను నిలిచినది.

పాదరసము జపానులో "సుయిగిన్", అనగా నీటివెండి. దాని సంకేతమైన హెచ్‌జీకి మూలమగు లాటిను పేరునకును అదే అర్థము. సోడియమును "నతోరియుము" అందురు. ఎన్‌ఏ అను సంకేతము ఎందుకు వచ్చినదో ఆ పేరే చెప్పును.

జపాను శాస్త్రజ్ఞులు సృష్టించిన 113వ మూలకమునకు 2016లో "నిహోనియం" అను పేరు ఖాయమైనది. "నిహోన్" అనగా జపాను. ఒకనాడు పేర్లను అనువదించుకొన్న దేశము నేడు లోకమునకు ఒక పేరు ఇచ్చినది.