చేతి ట్రిమ్మర్‌తో సి.ఎన్.సి. పని: అప్పు చేసే ముందు తెలుసుకోవలసినవి

మన కల్వకుర్తిలో కొత్త ఇల్లు కట్టుకునేవారు ఇప్పుడు తలుపుల డిజైన్‌ను ఫోన్‌లో చూపించి, సి.ఎన్.సి. మిషన్ ఉన్న దుకాణం ఎక్కడుందని అడుగుతున్నారు. ఉలి, సుత్తి పట్టి పని నేర్చుకున్న మన పిల్లలకు చెక్కుడు పని తగ్గుతోంది. ఈ ఏడాది ఇద్దరు ముగ్గురు యువకులు మా దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగారు. “సార్, పెద్ద మిషన్ కొనే తాహతు మాకు లేదు. చిన్న ఫ్రేము చేసుకుని, మా దగ్గరున్న ట్రిమ్మర్‌నే దానికి బిగిస్తే పనవుతుందా?”

పనవుతుంది. అయితే ఏ పనికి, ఎంతసేపు, ఏ జాగ్రత్తలతో అన్నది తెలియకుండా డబ్బు పెడితే నష్టం. అందుకే ఈ సంచికలో ఆ సంగతి వివరిస్తున్నాము.

తేడా ఎక్కడుంది?

సి.ఎన్.సి. అంటే చేతికి బదులు కంప్యూటర్ లెక్క ప్రకారం పనిముట్టు నడవడం. అది కుడి ఎడమలకు, ముందు వెనుకలకు, పైకి కిందికి కదులుతుంది. అంకెలతో నడిచే కోత యంత్రాన్ని అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1952లో ప్రదర్శించారు. చాలాకాలం అది పెద్ద ఫ్యాక్టరీల వస్తువుగానే ఉంది. 2009లో జి.ఆర్.బి.ఎల్. అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక, చిన్న ఆర్డుయినో బోర్డుతోనే ఇంట్లో మిషన్ నడపడం సాధ్యమైంది. అలాంటి చిన్న మిషన్లకు ప్రపంచమంతటా చాలామంది ట్రిమ్మర్‌నే బిగించి వాడుతున్నారు.

పెద్ద మిషన్‌లో బిట్టును తిప్పే మోటారును స్పిండిల్ అంటారు. మామూలుగా అది త్రీఫేజ్ మోటారు, కార్బన్ బ్రష్‌లు ఉండవు. మన కరెంటు 50 హెర్ట్‌జ్. రెండు పోల్‌ల మోటారు దానిమీద నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరుగుతుంది. వి.ఎఫ్.డి. అనే పెట్టె ఆ 50ని 400 దాకా పెంచితే చుట్లు 24,000 అవుతాయి. గంటల తరబడి నడవడానికే దాన్ని తయారు చేస్తారు.

ట్రిమ్మర్ సంగతి వేరు. వడ్రంగి దాన్ని అయిదు నిమిషాలు వాడి పక్కన పెడతాడు. దానిలో కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, అవి అరుగుతాయి. నిప్పురవ్వలు ఎక్కువైతే మార్చాల్సిందే. చేతికి అలసట ఉంది కాబట్టి ట్రిమ్మర్‌కు విశ్రాంతి దొరుకుతుంది. సి.ఎన్.సి.కి అలసట లేదు. గంట పని అంటే గంటా ఆగకుండా తిప్పుతుంది. రోజంతా తలుపులు కోయాలనుకునేవారికి ట్రిమ్మర్ తగదు. నేర్చుకోవడానికి, నేమ్ బోర్డులు, చిన్న జాలీలు, ఫొటో ఫ్రేములు చేయడానికి సరిపోతుంది.

వేగం లెక్క

ట్రిమ్మర్లలో రెండు రకాలున్నాయి. మకీటా ఆర్.టి.0700సి లాంటిది 710 వాట్లది, 10,000 నుంచి 30,000 చుట్ల దాకా వేగం మార్చుకోవచ్చు. బాష్ జి.కె.ఎఫ్.550 లాంటిది 550 వాట్లది, దాని వేగం 33,000 దగ్గర స్థిరం. వేగం మారే రకమే సి.ఎన్.సి.కి మేలు. ఎందుకో ఎనిమిదో తరగతి పిల్లలైనా వేయగల లెక్కతో చూద్దాం.

నిమిషానికి చుట్లు × బిట్టు పళ్ళు × ఒక్కో పన్ను తీసే పొట్టు మందం = మిషన్ నడవాల్సిన వేగం.

రెండు పళ్ళ బిట్టు, ఒక్కో పన్నుకు 0.05 మి.మీ. అనుకుందాం. 30,000 చుట్ల దగ్గర మిషన్ నిమిషానికి 3,000 మి.మీ. నడవాలి. చిన్న ఫ్రేము అంత వేగంగా కోస్తూ నడవడం కష్టం. మెల్లగా నడిపితే బిట్టు కొయ్యకుండా రాస్తుంది. కట్టె నల్లబడుతుంది, బిట్టు మొద్దుబారుతుంది. చుట్లు 15,000కు తగ్గిస్తే 1,500 మి.మీ. చాలు. స్థిరవేగం ట్రిమ్మర్ ఉన్నవారు ఒకే పన్ను ఉన్న బిట్టు వాడాలి, లెక్క సుమారుగా అక్కడికే వస్తుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది తగిలించి వేగం తగ్గించవద్దు. బలం తగ్గుతుంది. మోటారును చల్లబరిచే పంకా అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి వేడి కూడా పెరుగుతుంది.

ఇప్పుడు సమయం చూద్దాం. 18 మి.మీ. ఎం.డి.ఎఫ్.లో కిటికీ జాలీకి 40 నక్షత్రాలు, ఒక్కోదాని చుట్టుకొలత 40 సెం.మీ. మొత్తం 16 మీటర్లు. ఒక్కసారికి 3 మి.మీ. లోతు చొప్పున ఆరు సార్లు నడవాలి, అంటే 96 మీటర్లు. నిమిషానికి ఒకటిన్నర మీటరు చొప్పున 64 నిమిషాలు. కూలి, కరెంటు, బిట్టు అరుగుదల ఈ 64 నిమిషాల మీద వేసుకునే ధర చెప్పాలి.

బిట్టు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి నక్షత్రం లోపలి మూలలు పదునుగా రావు. 3 మి.మీ. బిట్టుతో ఆ మూలకు కనీసం 1.5 మి.మీ. వంపు ఉంటుంది. ఉర్దూ, అరబీ అక్షరాల సన్నని కొనలకు వి-బిట్టు వాడాలి, లేదా చివర ఉలితో సరిచేయాలి. ఉలి పని వచ్చినవాడికి ఇక్కడే విలువ.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు

ఒక షెడ్డులో మేము చూస్తుండగా కరెంటు పోయింది. మిషన్ ఆగింది. పిల్లవాడు బోర్డు మీద పొట్టు ఊడుస్తుండగా కరెంటు వచ్చింది. ట్రిమ్మర్ స్విచ్ ఆన్‌లోనే ఉండడంతో బిట్టు ఒక్కసారిగా తిరిగింది. అతని చేయి జానెడు దూరంలో ఉంది కాబట్టి బతికిపోయాడు.

మన రైతుల బోరు మోటార్లకు పచ్చ, ఎర్ర బటన్ల స్టార్టర్ ఉంటుంది. ఆటోమేటిక్ పెట్టకపోతే, కరెంటు పోయి వచ్చినా పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు నడవదు. ట్రిమ్మర్‌కు కూడా తగిన సైజులో అలాంటిదే పెట్టించాలి. ఎర్ర బటన్ నొక్కితే ట్రిమ్మర్, మిషన్ రెండూ ఆగేలా ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ చేయించాలి. లేకపోతే కంప్యూటర్ ఆగిపోయినా ట్రిమ్మర్ ఒకేచోట తిరుగుతూ కట్టెను రాపిడితో కాలుస్తుంది. మిషన్ నడుస్తుండగా షెడ్డు వదిలి టీ తాగడానికి వెళ్లకూడదు.

రెండోది కాలెట్. పావు ఇంచు అంటే 6.35 మి.మీ. ఆ కాలెట్‌లో 6 మి.మీ. బిట్టు పెడితే పట్టు ఉండదు. పొట్టును పైకి లాగే బిట్టు అయితే తనే కిందికి జారి లోతు పెంచేస్తుంది. దేని కాలెట్ దానికే వాడాలి. మొదటిరోజు 6 మి.మీ. బిట్టుతో ఒక గాడి కోసి వెర్నియర్‌తో కొలవండి. 6.3 వచ్చిందంటే బిట్టు ఊగుతోంది, లేదా ఫ్రేము వదులుగా ఉంది.

మూడోది దుమ్ము. కట్టె దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ గుర్తించింది. ఎం.డి.ఎఫ్. దుమ్ము ఇంకా సన్ననిది. ముక్కుకు దస్తీ కట్టుకుంటే చాలదు. వాక్యూమ్ గొట్టం, సరైన మాస్కు, కళ్లద్దాలు ఉండాలి. ట్రిమ్మర్ రొద చెవులకు కూడా చెరుపే, కాబట్టి చెవులకు రక్షణ కావాలి. ఇళ్ల మధ్య రాత్రిపూట నడపడం ఇరుగుపొరుగుకు బాధ.

మా సలహా

మొదట చూసి నేర్చుకోండి. 2023 మార్చి 2న హైదరాబాద్ రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్‌లో ఇలాంటి యంత్రాలున్నాయి. అనుమతి తీసుకుని వెళ్లి రావచ్చు. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడిలో చదివే పిల్లలు కంప్యూటర్‌లో డిజైన్ గీయడం అక్కడే మొదలుపెట్టవచ్చు.

ట్రిమ్మర్ ఉన్నవారు ఖర్చును ఫ్రేము మీద పెట్టండి. గట్టి ఫ్రేము ఉంటే రేపు ఆర్డర్లు పెరిగాక ట్రిమ్మర్ తీసి స్పిండిల్ బిగించుకోవచ్చు. వదులు ఫ్రేముకు ఎంత ఖరీదైన స్పిండిల్ పెట్టినా వృథా. ట్రిమ్మర్‌తో సంపాదించిన డబ్బుతో స్పిండిల్ కొనండి, అప్పుతో కాదు. దాతలు కూడా ఒక్కరికి పెద్ద మిషన్ ఇవ్వడం కంటే, నలుగురు కలిసి వాడుకునే చిన్న మిషన్‌కు, స్టార్టర్‌కు, మాస్కులకు సాయం చేస్తే మేలని మా అభిప్రాయం.

చివరిగా ఒక మాట. టేకులో ఈనె ఎటు పోతుందో, వేపలో ముడి ఎక్కడుందో మిషన్‌కు తెలియదు. చెక్కుడు పని తెలిసిన పెద్దలు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. కంప్యూటర్ తెలిసిన పిల్లవాడు వారి పక్కన కూర్చుంటే ఇద్దరికీ అన్నం దొరుకుతుంది.