గోలకొండ కొత్తకోటలో గోల్ఫు ఆట

మన గద్వాల కోటలో కళాశాల నడచుచున్నది. వనపర్తి రాజమందిరమున 1959 నుండి పాలిటెక్నిక్ విద్యాలయము కలదు. కోటలో చదువు సాగుట మనకు క్రొత్త గాదు. కోటలో ఆట సాగుట మాత్రము వింతగా దోచవచ్చును. హైదరాబాదు చెంత గోలకొండలో దానిని కన్నులార జూడవచ్చును.

ముందుగా ఆట సంగతి. గోల్ఫు స్కాట్లాండు దేశమున పెరిగిన ఆట. ప్రజలు విలువిద్య మాని దీని వెంట బడుచున్నారని 1457లో అచ్చటి శాసనసభ దీనిని నిషేధించెను. (చిఱ్ఱగోనె కొఱకు బడి యెగవేసిన పిల్లలను దండించిన నాకు ఆ శాసనసభపై కొంత జాలి కలదు!) 1829 నాటికే కలకత్తాలో దీనికొక సంఘ మేర్పడినది. చిన్న గట్టి బంతిని వంపు కోలతో గొట్టి, దూరముననున్న నాలుగుంబావు అంగుళముల వెడల్పుగల గుంటలో వేయవలెను. ఇట్టి గుంటలు 18. తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలుచును. పెనగులాట లేదు, పరుగు లేదు. నడకయు, గురియు చాలును. వృద్ధులకు సయితము తగినదే గాని, దాని వ్యయము మనవంటివారికి తగదు.

ఈ ఆటకు చదునైన బయలు రుచింపదు. మిట్టలు, పల్లములు, చెట్లు, మడుగులు అడ్డు నిలిచినగాని నేర్పు తెలియదు. అట్టి నేల గోలకొండలోని నయాఖిల్లాలో, అనగా కొత్తకోటలో, దొరకినది. 1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించెను. శత్రువు ఫిరంగులు నిలుపుట కనువైన మిట్టను ప్రాకారములోనికి జేర్చి, అటుపిమ్మట అబ్దుల్లా కుతుబ్‌షా కాలమున కట్టిన భాగమే యిది. నాడు శత్రువునకు దక్కరాదని గోడ చుట్టిన నేలయే నేడు ఆటగానికి ముద్దయినది.

చిక్కును ఇచ్చటనే కలదు. పచ్చికకు మన్ను త్రవ్వవలెను, పోయవలెను, నిత్యము నీరు పెట్టవలెను. ఆ మన్నుక్రింద నున్నది వట్టి బండ గాదు. 2014లో పురావస్తు శాఖవారు ఈ కొత్తకోటలోనే త్రవ్వి, కుతుబ్‌షాహీల నాటి తోట కాలువలను, మట్టి గొట్టములను, నీటితొట్లను వెలికి దీసిరి. పార తగిలి పగిలిన గొట్టమును మరల అతికింప నెవ్వరి తరము? ఆట మానుడని నేననను. నేల కదల్చుటకు ముందు ఆ శాఖవారి మాట వినవలెను. కోట జూడవచ్చిన సామాన్యునికి దారి మూయరాదు.

ఆ ఆవరణములోనే ఆఫ్రికా ఖండపు బావోబాబ్ చెట్టొకటి కలదు. చుట్టుకొలత 80 అడుగులకు మించును. జనులు దానిని ఏనుగుల చెట్టందురు. చూడబోవువారు చెవి యొగ్గి నడువవలెను. ఎవరైనను "ఫోర్" అని కేక వేసినచో బంతి మీవైపు వచ్చుచున్నదని యర్థము. వెంటనే తల దాచుకొనుడు.