దూరదేశ సేవకు సన్నాహము

దూరప్రయాణమునకు బయలుదేరువారికి త్రోవలో తినుటకై అటుకులో, సత్తుపిండియో మూటగట్టి యిచ్చుట తెలుగునాట పూర్వాచారము. త్రోవ యెంత దూరమో, నడుమ నీరు దొరకునో లేదో తెలిసినవారే ఆ మూటను సరిగా కట్టగలరు. సేవ నిమిత్తము పరదేశమునకు బోవువారి విషయమునను ఇదియే న్యాయము. అనకాపల్లి చేరువనున్న కశింకోట వంటి గ్రామమున బుట్టి పెరిగిన యువకుడో యువతియో పశ్చిమాఫ్రికాలోని యొక పల్లెలో స్వచ్ఛంద సేవ చేయ సంకల్పించినచో, వారి మూటలో ఏమేమి యుండవలెను?

ఇట్టి సేవకు మార్గములు కలవు. 1964లో భారత ప్రభుత్వము సాంకేతిక, ఆర్థిక సహకార ప్రణాళికను ప్రారంభించి, మన నిపుణులను ఆఫ్రికా దేశములకు పంపసాగినది. 1970లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛంద సేవకుల సంస్థను నెలకొల్పినది. దాని ప్రధాన కార్యాలయము జర్మనీలోని బాన్ నగరమున నున్నది.

మొదట కావలసినది ఆ దేశమును గూర్చిన జ్ఞానము. సహారా యెడారికి దక్షిణమున, అట్లాంటిక్ సముద్రము వరకు పశ్చిమాఫ్రికా వ్యాపించియున్నది. వానకాలము ముగిసిన పిదప ఎడారినుండి హర్మటాన్ అను పొడిగాలి ధూళిని మోసికొని వీచును. ఘనా, నైజీరియాలలో ఇంగ్లీషును, సెనెగల్‌లో ఫ్రెంచిని, గినీబిసావులో పోర్చుగీసును కార్యాలయములందు వాడుదురు. కాని పల్లెవాసుల హృదయమును చేరు భాషలు వేరు. ఘనాలో ట్వీ, సెనెగల్‌లో వొలోఫ్, నైజీరియా ఉత్తరభాగమున హౌసా వంటి భాషలలో నాలుగు మాటలైనను ముందుగా నేర్చుకొనవలెను.

రెండవది ఆరోగ్యరక్షణ. ప్రయాణమునకు కనీసము 10 దినములు ముందుగా, ప్రభుత్వము గుర్తించిన కేంద్రమున పచ్చజ్వరపు టీకా వేయించుకొని పత్రము పొందవలెను. 2016 నుండి ఆ పత్రము జీవితాంతము చెల్లుచున్నది. పచ్చజ్వరము మన దేశమున లేదు. కాని దానిని వ్యాపింపజేయు జాతి దోమ మన యిండ్లలోనే కలదు. అందుచేతనే ఆ వ్యాధి గల దేశములనుండి పత్రము లేక తిరిగివచ్చువారిని మన యధికారులు ఆరు దినములవరకు వేరుగా నుంచుదురు. ఈ టీకా సేవకునకే గాక అతని స్వగ్రామమునకును రక్ష. మలేరియా అక్కడ మిక్కిలి ప్రమాదకరమైనది. దోమతెర తప్పక వాడవలెను. వైద్యుడు చెప్పిన మాత్రలను ప్రయాణమునకు ముందు మొదలిడి, తిరిగివచ్చిన పిదపను చెప్పినన్నాళ్లు మ్రింగవలెను. ఇంటికి వచ్చిన తరువాత జ్వరము సోకినచో, ఏ దేశమునుండి వచ్చినదియు వైద్యునికి వెంటనే తెలుపవలెను. ఈ యొక్క మాట చెప్పకపోవుట ప్రాణాపాయమునకు దారితీయవచ్చును.

మూడవది మర్యాద. పెక్కు పల్లెలలో క్రొత్తగా వచ్చినవారు మొట్టమొదట గ్రామపెద్దను దర్శింపవలెను. మనకు తాంబూల మెట్టిదో, అక్కడి పెక్కు ప్రాంతములందు కోలా కాయ లట్టివి. పనిమాట యెత్తుటకు ముందు ఇంటివారి క్షేమము, పంటల సంగతి నింపాదిగా అడుగుట వారి యాచారము. ఎడమచేతితో ఇచ్చిపుచ్చుకొనుట మనకువలెనే వారికిని అమర్యాద.

ఈ పోలికలు ఇంతటితో తీరవు. ఉత్తరాంధ్రమున గంటెలని పిలువబడు సజ్జలు సుమారు 4500 ఏండ్ల క్రిందట నేటి మాలి దేశ ప్రాంతమున సాగుకు వచ్చినవి. బొబ్బర్లకును పశ్చిమాఫ్రికాయే పుట్టినిల్లు. మన అంబలికి ఆధారమైన చోళ్లు తూర్పాఫ్రికా కొండలనుండి వచ్చినవి. కాబట్టి సేవకుడు అక్కడికి దాతగా గాక, పాత ఋణము తీర్చు చుట్టముగా పోవలెను.

నాలుగవది వినయము. వచ్చిన మరునాడే సలహాలిచ్చువాడు పల్లెకు భారమగును. కొన్ని వారములు వినుచు, చూచుచు, అక్కడివారు దేనిని కోరుచున్నారో తెలిసికొనవలెను. ఇందుకు నారికురుపు కథయే తార్కాణము. వడగట్టని చెరువునీటిలోని సూక్ష్మమైన పురుగుల ద్వారా ఈ వ్యాధి దేహమున ప్రవేశించును. సుమారు ఏడాదికి పొడవైన నారివంటి క్రిమి కాలినుండి వెలువడును. రోగి ఆ కాలితో చెరువున దిగినచో, దాని పిల్లలు నీటిలో చేరి పరులకు సోకును. దీనికి టీకా లేదు. క్రిమిని చంపు మందును లేదు. నీటిని గుడ్డతో వడగట్టుట, రోగిని చెరువులో దిగనీయకుండుట, ఈ రెండే ముఖ్యోపాయములు. ఆంధ్రదేశమునను ఒకప్పుడు ఈ పీడ యుండెను. మన దేశమున కడపటి రోగి 1996లో కానవచ్చెను. 2000లో దేశము విముక్తమైనట్లు ధ్రువీకరింపబడెను. ఘనాలో కడపటి రోగి 2010లో కానరాగా, 2015లో ధ్రువీకరణము లభించెను. ఈ విజయమునకు మూలము గొప్ప యంత్రములు గావు. పల్లెపల్లెలోని సేవకులు ఇంటింటికి బోయి గుడ్డలు పంచి, ఓర్పుతో నచ్చజెప్పిరి.

కడపటిది, తాను లేనప్పుడును పని సాగునట్లు చూచుట. బోరింగు వేయించుట సులభము. విడిభాగములు దొరకక, బాగుచేయువారు లేక అది మూలపడినచో శ్రమయెల్ల వ్యర్థము. కావున సేవకుడు తానొక మరను బిగించుటకంటె, అక్కడి ఇద్దరు ముగ్గురకు దానిని విప్పి బిగించుట నేర్పుట మేలు. అతడు వెడలిపోయిన పిమ్మట ఆ బోరింగు ఆగినను, దానిని మరల నడిపింపగల చేతులు ఆ పల్లెలోనే యున్నచో, అతని సేవ నిలిచినట్లే.