నోటు మీద సంతకం ఎవరిది? హాలీ సిక్కా నుంచి ఆర్‌బీఐ దాకా

లింగాల ఘనపూర్ (జనగామ జిల్లా): జేబులో ఉన్న వంద నోటును ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. దాని విలువ 15 భాషల్లో వరుసగా రాసి ఉంటుంది. చివరి రెండు వరుసలూ మనవే. ఒకటి తెలుగు, దాని కింద ఉర్దూ. ముందువైపు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ సంతకం ఉంటుంది. మనం ఆ నోటును నమ్మి తీసుకునేది ఆ హామీ చూసే.

రిజర్వ్ బ్యాంక్ 1935 ఏప్రిల్ 1న మొదలైంది. కానీ అప్పుడు మన ఊళ్లు నిజాం రాజ్యంలో ఉన్నాయి. ఇక్కడ నడిచింది ఉస్మానియా సిక్కా. పెద్దవాళ్లు హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయేమో కల్దార్. 6 కల్దార్ రూపాయలు ఇస్తే 7 హాలీ రూపాయలు వచ్చేవి.

హైదరాబాద్‌కు సొంత బ్యాంకు

సొంత సిక్కా ఉన్నప్పుడు దాన్ని చూసుకునే బ్యాంకు కూడా కావాలి కదా! అందుకే 1941లో చట్టం చేసి హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ పెట్టారు. 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో పని మొదలైంది. సిక్కా నిర్వహణ, ప్రభుత్వ అప్పుల లెక్కలు దాని బాధ్యత. మామూలు బ్యాంకులా జనం డిపాజిట్లు కూడా తీసుకునేది.

హైదరాబాద్ భారత్‌లో కలిశాక హాలీ సిక్కా మెల్లగా పోయింది. 1956లో ఆ బ్యాంకు రిజర్వ్ బ్యాంక్ చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. అదే మనందరికీ తెలిసిన ఎస్‌బీహెచ్. 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది.

ఇప్పుడు ఆర్‌బీఐ చేసేదేంటి?

మనం ఆర్‌బీఐలో సేవింగ్స్ ఖాతా తెరవలేం. అది బ్యాంకులకు బ్యాంకు, ప్రభుత్వానికి ఖజాంచీ. రూపాయి నోటు తప్ప మిగతా నోట్లన్నీ అదే విడుదల చేస్తుంది. రూపాయి నోటు మాత్రం కేంద్ర ప్రభుత్వానిది. బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీద వడ్డీనే రెపో రేటు అంటారు. అది పెరిగితే హోమ్ లోన్ కిస్తీ కూడా పెరుగుతుంది. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర ఉంచడం దాని లక్ష్యం. అంటే బ్యాంకు జోలికే పోకుండా బీరువాలో డబ్బు దాచుకున్నవాళ్లకూ ఆర్‌బీఐతో పని ఉంది. ధరలు పెరిగితే ఆ డబ్బుకు వచ్చే సామాను తగ్గిపోతుంది.

మన డబ్బు ఎంతవరకు భద్రం?

బ్యాంకు మునిగిపోతే ఒక్కో డిపాజిటర్‌కు ఆ బ్యాంకులో ఉన్న అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరికి ముందు ఇది లక్ష మాత్రమే. బీమా ఇచ్చే సంస్థ ఆర్‌బీఐదే. సహకార బ్యాంకులకూ ఇది ఉంది. కానీ ఊళ్లో ఉండే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు, చిట్టీలకు లేదు. డబ్బు కట్టే ముందు "డిపాజిట్ బీమా ఉందా?" అని అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అది మన కష్టార్జితం.