దెయ్యానికీ నటన రావాలి

జాన్ కార్పెంటర్ 1978లో ‘హాలోవీన్’ తీసేటప్పటికి చేతిలో ఉన్న డబ్బు దాదాపు మూడు లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కల్లో అది చిల్లర. హంతకుడి ముఖానికి ప్రత్యేకంగా మాస్కు చేయించే స్తోమత లేక, ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కర్క్ పోలికతో అంగట్లో అమ్మే రబ్బరు మాస్కు ఒకదాన్ని రెండు డాలర్లలోపే కొనుక్కొచ్చారు. కనుబొమలు పీకేశారు, కళ్ల దగ్గరి కంతలు పెద్దవి చేశారు, పైన తెల్లరంగు కొట్టారు. అది తగిలించుకుని నడిచిన నిక్ కాజిల్‌కి రోజుకు 25 డాలర్లు ఇచ్చారు. అందులో ఒక వంటింటి సీను ఉంది. హంతకుడు ఒక కుర్రాణ్ని ఎత్తి పట్టుకుని, కత్తితో అలాగే గుచ్చి వేలాడదీస్తాడు. పని అయిపోయింది కదా అని వెళ్లిపోడు. ఎదురుగా నిలబడి తలను నెమ్మదిగా ఒక పక్కకు వాలుస్తాడు, మళ్లీ రెండో పక్కకు వాలుస్తాడు, గోడకు తగిలించిన పటం వంకరగా ఉందేమోనని చూసుకున్నట్టు. సినిమా మొత్తంలో ఒళ్లు గగుర్పొడిచే క్షణం అదే. అక్కడ నెత్తురు పారదు, మాస్కులో ఒక్క గీత కదలదు. కదిలింది మెడ ఒక్కటే. తక్కువ డబ్బుతో తీసే హారర్ సినిమాల్లో భయాన్ని పుట్టించేది మేకప్ కాదు, దాని కింద ఉన్న నటుడు. డబ్బు తగ్గేకొద్దీ అతని మీద బరువు పెరుగుతుంది. మెప్పు మాత్రం ఎప్పుడూ రబ్బరుకే దక్కుతుంది.

ఈ మాట నమ్మాలంటే ఆ మేకప్ నటుడి నుంచి ఏమేం లాక్కుంటుందో ముందు చూడాలి. ప్రోస్థెటిక్ మేకప్ మొదలయ్యేది ముఖానికి అచ్చు తీయడంతో. పళ్ల డాక్టర్లు దవడ కొలత తీసుకోవడానికి వాడే ఆల్జినేట్ పొడిని నీళ్లలో కలిపి ముఖమంతా పూస్తారు. ముక్కు రంధ్రాలు మాత్రం వదిలేసి, పైన ప్లాస్టర్ పట్టీలు చుడతారు. అది గట్టిపడేదాకా కళ్లు మూసుకుని, నోరు మెదపకుండా కూర్చోవాలి. ఆ అచ్చులోంచి నటుడి ముఖానికి నకలు తీసి, దాని మీద మట్టితో పుండో ముడతో వికారమో దిద్ది, దాన్ని లేటెక్స్‌లోనో సిలికాన్‌లోనో పోతపోస్తారు. షూటింగ్ రోజున ఆ ముక్కల్ని జిగురుతో అతికించి, అంచులు కనబడకుండా కలిపి, రంగులు వేస్తారు. దీనికి గంటలు పడుతుంది. అదంతా అయ్యాక నటుడికి మిగిలేదేమిటి? చిన్నగా నవ్వితే ఆ నవ్వు రబ్బరు దాటి పైకి రాదు. లెన్సు పెడితే చూపు పోతుంది, కట్టుడు కోరలు పెడితే మాట పోతుంది. నటుడికి అన్నం పెట్టే మూడు పనిముట్లూ తీసేసుకుని, ఇప్పుడు నటించు అంటారు. ఇక అతను భుజాలతో, చేతులతో, ఊపిరితో నటించాలి.

బోరిస్ కార్లాఫ్ 1931లోనే అది చేసి చూపించాడు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పెద్ద స్టూడియో సినిమానే. మేకప్ మ్యాన్ జాక్ పియర్స్ రోజూ నాలుగేసి గంటలు అతని ముఖం మీద పని చేసేవాడు. అయినా ఆ ముఖంలోని పీనుగ కళ అంతా పియర్స్ చలవే కాదు. కార్లాఫ్ తన నోట్లోని కట్టుడు పళ్లు తీసేస్తే ఒక బుగ్గ లోపలికి పీక్కుపోయేది, ఆ గుంటను అలాగే వాడుకున్నారు. కళ్లు మరీ తెలివిగా కనబడుతున్నాయని రెప్పల మీద మైనం పెట్టి బరువెక్కించారు. ఇంత చేశాక, ఆ ప్రాణి మొదటిసారి వెలుతురు చూసే సీనులో పైకప్పు తెరుచుకుంటుంది. కార్లాఫ్ రెండు చేతులూ పైకి చాచి ఆ వెలుతురును పట్టుకోబోతాడు. కప్పు మూసేస్తే ఖాళీ చేతులు ముందుకు చాపి, ఇంకొంచెం కావాలన్నట్టు చూస్తాడు. మాట లేదు, ముఖంలో కదలిక అంతంతమాత్రం. ఆ రాక్షసుడి మీద జాలి పుట్టించింది ఆ చేతులే.

పెద్ద స్టూడియోలో కార్లాఫ్‌కి కనీసం అనుభవమున్న మేకప్ మ్యాన్, కుదురుగా కూర్చునే కుర్చీ ఉన్నాయి. శామ్ రైమీ ‘ది ఈవిల్ డెడ్’లో అవీ లేవు. 1979 చలికాలంలో టెనెసీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్ దగ్గర, అడవిలో పాడుబడ్డ ఇంట్లో రైమీ, అతని తోటి కుర్రాళ్లు షూటింగ్ మొదలుపెట్టారు. ఖర్చు నాలుగు లక్షల డాలర్లు కూడా దాటలేదు. టామ్ సల్లివన్ మేకప్ చేశాడు. నెత్తురంటే మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు, కాఫీలో వేసుకునే క్రీమర్ కలిపిన ద్రవం. అది ఆరితే బట్టలు అట్టలు కట్టేవి. దయ్యం పట్టినవాళ్లకు పెట్టిన తెల్ల లెన్సులు ఎంత మందమంటే, పదిహేను నిమిషాలకు మించి కళ్లల్లో ఉంచకూడదు. అవి పెట్టుకున్నంతసేపూ ఎదురుగా ఏముందో కనబడదు. ముఖానికి అచ్చు తీసేటప్పుడు నటి బెట్సీ బేకర్ కనురెప్పల వెంట్రుకలు ఊడొచ్చాయి. అదే బెట్సీ గుమ్మంలో బాసింపట్టు వేసుకు కూర్చుని, పసిపిల్లలా కిలకిలా నవ్వుతూ పాట పాడే సీను చూడండి. ఒక దశలో దయ్యం తప్పుకుని మామూలు పిల్ల అవుతుంది, రక్షించమని బతిమాలుతుంది, అంతలోనే మళ్లీ ఆ నవ్వు మొదలు. తెల్లటి ముఖాన్ని సల్లివన్ ఇచ్చాడు. ఆ నవ్వును మాత్రం, ఎదుటి మనిషి కనబడని స్థితిలో, పావుగంట గడువులో, ఆమే తెచ్చుకోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, గట్టిదే. అదే సినిమాకి నటులు చాలామంది మధ్యలో వెళ్లిపోయారు. మిగిలిన షాట్లకు యూనిట్‌లో ఎవరు దొరికితే వాళ్లకే మేకప్ వేసి నిలబెట్టారు. రైమీ బృందం ఈ డూపులకు ‘ఫేక్ షెంప్’ అని పేరు కూడా పెట్టుకుంది. ‘హాలోవీన్’లోనూ కొన్ని షాట్లలో ఆ మాస్కు వేరేవాళ్లు తగిలించుకున్నారు. మరి ఎవరైనా వేయగలిగిన వేషానికి నటన ఏమిటి అని అడగొచ్చు. ఆ డూపుల్ని ఎక్కడ వాడారో గమనిస్తే జవాబు దొరుకుతుంది. ఒక చెయ్యి, ఒక కాలు, వీపు, దూరంగా కదిలే ఆకారం. సీను మొత్తం ఒక మనిషి మీద నడవాల్సిన చోట డూపుతో పని జరగదు. ‘ఫ్రైడే ది థర్టీన్త్’ సినిమాల్లో హాకీ మాస్కు జేసన్‌గా కేన్ హాడర్ వరసగా నాలుగుసార్లు నటించాడు. 2003లో ‘ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్’కి అతన్ని పక్కన పెట్టి వేరొకర్ని తీసుకుంటే అభిమానులు గొడవ చేశారు. జేసన్‌గా అతని ముఖాన్ని వాళ్లెన్నడూ చూడలేదు. వాళ్లకు తెలిసిందల్లా కొట్టబోయే ముందు అతని భుజాలు లేచి పడే తీరు.

ఇంకో వాదన ఉంది. ఇలాంటి సినిమాల్లో నటులు నిజంగానే నరకం చూస్తారు, ఆ బాధే తెర మీద కనబడుతుంది, దాన్ని నటన అనడం ఎందుకు అంటారు. దీనికి ఉదాహరణగా ఎప్పుడూ చెప్పేది 1974 నాటి ‘ది టెక్సస్ చైన్ సా మాసకర్’. టోబ్ హూపర్ దాన్ని టెక్సస్ మండుటెండల్లో తీశాడు. హంతకుడు లెదర్‌ఫేస్‌గా వేసిన గన్నర్ హాన్సెన్‌కి ఉన్నది ఒకే జత బట్టలు. ఉతికితే రంగు పోతుందని షూటింగ్ సాగినన్నాళ్లూ వాటినే తొడిగారు. వాసనకు తోటివాళ్లు దగ్గరికి రాలేకపోయారు. తాత పాత్ర వేసిన జాన్ డూగన్ అప్పటికి ఇరవై దాటీ దాటని కుర్రాడు. ముసలి మేకప్ వేయడానికి గంటలు పట్టేసరికి ఇంకోసారి వేయించుకోనన్నాడు. దాంతో భోజనం బల్ల సీను అంతా ఏకబిగిన, ఒక పగలూ రాత్రీ దాటి తీశారు. మాంసం కుళ్లుతున్న గదిలో కిటికీలు మూసి, లైట్ల వేడిలో. అక్కడ మరో సంగతి జరిగింది. కథానాయికగా వేసిన మెరిలిన్ బర్న్స్ వేలు కోసి తాత నోట్లో పెట్టే షాట్‌లో నకిలీ నెత్తురు గొట్టం సరిగా పనిచేయలేదు. విసిగిపోయిన హాన్సెన్ ఆమె వేలు నిజంగానే కోశాడు. ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు ఆ సీను చూడండి. ఆ నెత్తురు నిజమైనదని చెబితే తప్ప ఎవరికీ తెలియదు. అంతకుముందూ ఆ తర్వాతా ఆమె వేసిన కేకలు, ఆ కళ్లల్లో బెదురు, అవి పని చేశాయి. తెగిన వేలు సినిమాకి కొత్తగా ఇచ్చిందేమీ లేదు.

అదే హాన్సెన్ నటన ఎక్కడుందో వెతికితే కత్తి పట్టని చోట దొరుకుతుంది. లెదర్‌ఫేస్‌కి మాటలు లేవు. మూడు మాస్కులున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో స్వభావం. మూడో మనిషి కూడా ఇంట్లోకి వచ్చి చచ్చాక, అతను కంగారుగా కిటికీ దగ్గరికి పరిగెత్తి బయటికి చూస్తాడు. ఇంకా ఎంతమంది వస్తారోనన్న బెంగతో కూలబడి తల పట్టుకుంటాడు. మాస్కు కంతల్లోంచి కళ్లు అటూ ఇటూ తిరుగుతాయి, నాలుక వంకర పళ్లను తడుముతుంది. అప్పటిదాకా యమకింకరుడిలా ఉన్నవాడు ఒక్కసారిగా ఇంటికొచ్చిన చుట్టాల్ని చూసి బెదిరిన పిచ్చివాడైపోతాడు. ఆ కొన్ని సెకన్లతో ప్రేక్షకుడి భయం తగ్గదు, ఇంకా చిక్కబడుతుంది.

శిక్షణ లేని జనంతో తీసిన సినిమాలూ భయపెట్టాయి కదా అని ఎవరైనా అనొచ్చు. 1968లో విడుదలైన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ను జార్జ్ రొమేరో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల తీస్తే, ఊరివాళ్లే శవాలయ్యారు. నలుపు తెలుపు సినిమా కాబట్టి నెత్తురుకు చాక్లెట్ సిరప్ సరిపోయింది. సినిమాలో భార్యాభర్తలుగా వేసిన కార్ల్ హార్డ్‌మన్, మెరిలిన్ ఈస్ట్‌మన్‌లే మేకప్ కూడా చూసుకున్నారు. నిజమే. కానీ ఆ సినిమా మొదట్లో శ్మశానంలో బిల్ హింజ్‌మన్ వచ్చే తీరు చూడండి. ముఖాన మేకప్ ఉందా లేదా అన్నట్టుంటుంది. దూరం నుంచి చూస్తే మామూలు మనిషే, ఆ నడకే ఏదో తేడాగా ఉంటుంది. అతను పేరున్న నటుడు కాకపోవచ్చు, చేసింది మాత్రం నటనే. ఇక గ్రాఫిక్స్ వచ్చాక ఇదంతా పాతబడిందనేవాళ్లు 2007లో స్పెయిన్‌లో వచ్చిన ‘రెక్’ చివరి నిమిషాలు చూడాలి. చీకట్లో తడుముకుంటూ వచ్చే ఆ ఎండు శరీరాన్ని కంప్యూటర్ బొమ్మ అనుకున్నవాళ్లున్నారు. అది హావియర్ బొటెట్ అనే నటుడి ఒళ్లు, దాని మీద మేకప్.

మన దగ్గర రామ్సే సోదరులు ఇలాంటి సినిమాలతోనే పేరు తెచ్చుకున్నారు. 1984లో వచ్చిన ‘పురానా మందిర్’లో సామ్రీగా జడిపించిన అనిరుధ్ అగర్వాల్ చదివింది ఇంజనీరింగ్. ఆ ఎత్తును, ఆ ముఖాన్ని చూసి వేషం ఇచ్చారు, అంతమాత్రాన తెర మీద నిలబడటం దానంతట అదే రాలేదు. అయినా దయ్యం వేషాన్ని నటన కింద జమకట్టే అలవాటు మనకు లేదు. ఇది వింత. కిరీటం, భుజకీర్తులు, ముఖాన మందపాటి రంగు వేసుకుని దుర్యోధనుడు కట్టినవాణ్ని మహానటుడని నెత్తిన పెట్టుకున్నాం. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు గద తిప్పితే, ఆ మీసాల గొప్పతనం మేకప్ మ్యాన్‌దని ఎవరూ అనలేదు. పగటివేషాల వాళ్లు ఊళ్లోకి వస్తే రంగు చూసి కాదు, వేషానికి తగ్గ ఆట చూసి గుప్పెడు గింజలు ఎక్కువ వేశారు. దయ్యం దగ్గరికొచ్చేసరికి ఈ కొలమానం ఎందుకు మారాలి? అమెరికాలోనూ 1931 నాటి ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’కి ఫ్రెడ్రిక్ మార్చ్ ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. సగం సినిమా కోరలతో, వెంట్రుకల ముఖంతో కనబడినవాడికి ఆ గౌరవం ఇచ్చారు.

ఇప్పుడు ఫోన్ కెమెరాతో, మిత్రుల చందాలతో హారర్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్న తెలుగు కుర్రాళ్లు తక్కువేం లేరు. వాళ్లకు ఒక విన్నపం. డబ్బు లేకపోతే మేకప్ తగ్గించండి, నటుడి రిహార్సల్ పెంచండి. లేటెక్స్ గానీ జిగురు గానీ ముఖానికి పూసే ముందురోజే మోచేతి లోపలి వైపు కొంచెం రాసి చూడండి, కొందరికి లేటెక్స్ పడదు. రంగు లెన్సులు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికాయని కొనేయకండి, కళ్ల డాక్టరుకు చూపించి తీసుకోండి, ఒకరివి ఇంకొకరికి పెట్టకండి. లెన్సు పెట్టుకున్న నటుడి చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఒక మనిషిని ఆ పనికే ఉంచండి. మేకప్ కుర్చీలో కూర్చున్న గంటల్ని కూడా పని గంటలుగానే లెక్కకట్టండి. సినిమా చివర పేర్లు వేసేటప్పుడు ‘దయ్యం’ అని రాసి ఊరుకోకుండా, ఎదురుగా ఆ మనిషి పేరు రాయండి.